ఇల్లు చూడడానికి వస్తారట: దత్తతకు ముందు హోమ్ స్టడీ గురించి తరచూ అడిగే ప్రశ్నలు

దత్తత తీసుకుందామని అనుకున్న నాటి నుంచి కావేరిపట్టణం, కృష్ణగిరి, హోసూరు వైపు దంపతుల్ని ఎక్కువగా కలవరపెట్టే మాట ఒకటుంది: "ఇల్లు చూడడానికి వస్తారంట." రేకుల ఇల్లయితే ఇవ్వరేమో, అద్దె ఇల్లయితే ఇవ్వరేమో, సిప్‌కాట్ పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు అని తెలిస్తే ఇవ్వరేమో అని భయం. ఆ భయంతో కొందరు దరఖాస్తే వేయరు. ఇంకొందరు "ఈ గొడవలేవీ లేకుండా బిడ్డను ఇప్పిస్తా" అనే మనిషి మాట వింటారు. అలా విన్నవాళ్లు జైలు దాకా పోవచ్చు. అంతకంటే ఘోరమేమిటంటే, నెలల తరబడి గుండెల మీద పడుకోబెట్టుకున్న బిడ్డను ఒక రోజు అధికారుల చేతిలో పెట్టాల్సి రావడం. హోమ్ స్టడీలో ఏం అడుగుతారో, ఏం అడగరో ముందే తెలిస్తే అలాంటి మనిషి మాట వినాల్సిన అవసరం రాదు.

హోమ్ స్టడీ అంటే ఏమిటి? ఎవరు వస్తారు?

దత్తత కోరి నమోదు చేసుకున్నవాళ్లతో ఒక సోషల్ వర్కర్ కూర్చుని మాట్లాడతారు, ఇంటికి వచ్చి చూస్తారు, ఇంట్లో మిగతావాళ్లనూ పలకరిస్తారు, ఆ తర్వాత నివేదిక రాస్తారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దాని కింద వచ్చిన 2022 దత్తత నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి. నివేదికలో ఏయే అంశాలుండాలో నిబంధనల చివర నమూనా ఉంది. వచ్చిన మనిషి తోచింది రాసుకుపోవడానికి వీల్లేదు.

వచ్చేవాళ్లు పోలీసులు కారు, రెవెన్యూవాళ్లూ కారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న దత్తత సంస్థ నుంచి రావచ్చు, జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి రావచ్చు, లేదా రాష్ట్ర దత్తత విభాగం జాబితాలోని సోషల్ వర్కర్ రావచ్చు. స్టడీ ఎవరి ద్వారా జరగాలో నమోదు సమయంలోనే మీరు ఎంచుకుంటారు. మీరు కాగితాలన్నీ ఇచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో ఈ పని ముగించి నివేదికను పోర్టల్‌లో పెట్టాలి.

కన్నవాళ్లను ఎవరూ పరీక్షించరు కదా, మమ్మల్నే ఎందుకు?

ఈ ప్రశ్నలో బాధ ఉంది. ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలిసిపోయినవాళ్లు అడుగుతారు. వాళ్లకు సూటిగా జవాబు చెప్పాలి.

1980ల మొదట్లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న మన బిడ్డలు అక్కడ ఏమవుతున్నారో పట్టించుకునే నాథుడు లేడన్నది అందులోని ఫిర్యాదు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు ఇచ్చారు. పెంచుకోబోయే కుటుంబం గురించి సోషల్ వర్కర్ నివేదిక లేకుండా బిడ్డను పంపవద్దన్న పట్టింపు ఆ తీర్పుతో గట్టిపడింది. దేశంలో దత్తతలన్నిటినీ చూసే కేంద్ర సంస్థ, అందరూ కారా అని పిలిచేది, 1990లో ఏర్పడింది. 1990ల చివర్లో తెలంగాణ లంబాడా తండాల నుంచి ఆడబిడ్డల్ని కొద్ది డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోయి సంస్థల ద్వారా విదేశాలకు పంపిన బాగోతం బయటపడింది. దాన్ని వెలికితీసినవాళ్లలో గీతా రామస్వామి ఒకరు. తండాలో తల్లికి ఎంత ముట్టిందో, బిడ్డ ఎవరింటికి చేరిందో చెప్పే నికరమైన కాగితం లేకపోవడమే అక్కడ జరిగిన అన్యాయానికి దారి తీసింది.

మన నేల సంగతీ చెప్పుకోవాలి. పుట్టిన ఆడబిడ్డను చంపేసే దురాచారాన్ని ఆపడానికి తమిళనాడు ప్రభుత్వం 1992లో సేలం జిల్లాలో తొట్టిల్ బిడ్డల పథకం మొదలుపెట్టింది. "చంపకండి, ఈ ఊయలలో వదిలి వెళ్లండి" అని ఆస్పత్రుల్లో ఊయలలు కట్టింది. 2001లో దాన్ని ధర్మపురికీ మరికొన్ని జిల్లాలకూ విస్తరించారు. అప్పటికి కృష్ణగిరి ఇంకా ధర్మపురి జిల్లాలోనే ఉంది. వేరే జిల్లా అయింది 2004లో. ఆ ఊయలల్లోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఒకసారి వద్దనిపించుకున్న బిడ్డ రెండోసారి వద్దనిపించుకోకూడదు. హోమ్ స్టడీ ఉన్నది అందుకే. కడుపున పుట్టిన బిడ్డ విషయంలో లేని పరీక్ష ఇక్కడ ఎందుకుందంటే, ఈ బిడ్డ తరఫున "మీరు ఎవరు?" అని అడగడానికి వేరే మనిషి లేరు కనుక.

ముందుగా ఏం చేయాలి? ఏయే కాగితాలు కావాలి?

కారా వారి కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. నెట్ చేతకాకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగంవాళ్లు సాయం చేస్తారు. నమోదయ్యాక 30 రోజుల్లో కాగితాలు అప్‌లోడ్ చేయాలి: కుటుంబం ఫోటో, పాన్ కార్డు, పుట్టిన తేదీకి రుజువు, ఆధార్ లేదా ఓటరు కార్డు వంటి చిరునామా రుజువు, గత ఏడాది ఆదాయ రుజువు, ప్రాణాంతకమైన లేదా అంటుకునే జబ్బులేవీ లేవని, బిడ్డను పెంచడానికి తగిన ఆరోగ్యం ఉందని డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరి సిఫారసు లేఖలు. విడాకులైతే డిక్రీ, భర్త లేదా భార్య చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం జత చేయాలి.

మన పల్లెల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది రెండుచోట్ల. ఒకటి, పెళ్లి. గుళ్లో చేసుకున్నాం, కల్యాణ మండపంలో చేసుకున్నాం, రిజిస్టర్ మాత్రం చేయించలేదు అంటారు. తమిళనాడులో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2009లోనే చట్టం వచ్చింది. దత్తత ఆలోచన రాగానే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ఆ పని చూసుకోండి. రెండోది, ఆదాయం. మామిడి తోటవాళ్లకు, మగ్గంవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు జీతం చీటీ ఉండదు. ఇ-సేవై కేంద్రం నుంచి దరఖాస్తు పెడితే గ్రామ పరిపాలనాధికారి (వీఏవో) విచారణ అయ్యాక వచ్చే ఆదాయ ధ్రువపత్రం చాలు.

షుగరో బీపీయో ఉంటే భయపడి దాచకండి. మందులతో అదుపులో ఉందా, బిడ్డను పెంచే శక్తి ఉందా అన్నది డాక్టరు రాస్తారు. దాచిన జబ్బు తర్వాత బయటపడితే అసలు జబ్బుకంటే ఆ దాపరికమే పెద్ద మచ్చ అవుతుంది.

ఇంటికి వచ్చి అసలు ఏం చూస్తారు?

బిడ్డ కళ్లతో ఇల్లు చూస్తారు. బిడ్డ పడుకునే చోట గాలి ఆడుతుందా, మరుగుదొడ్డి ఉందా, తాగే నీళ్లు ఎక్కడివి, దగ్గర్లో ఆస్పత్రీ బడీ ఎంత దూరం అని అడుగుతారు. హోసూరు అద్దె ఇళ్లలో వాకిట్లోనే నీళ్ల సంపు ఉంటుంది, చాలాచోట్ల దాని మీద పగిలిన బండ ఒకటి వాలుగా పెట్టి ఉంటుంది. పాకే బిడ్డ వచ్చే ఇంట్లో అది చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కావేరిపట్టణం చుట్టుపక్కల తోటలున్న ఇళ్లలో మామిడికి కొట్టే మందు డబ్బాలు వసారాలో, ఒక్కోసారి వంటింటి గూట్లో కూడా కనబడతాయి. మేడ మీదికి పోయే మెట్లకు పిట్టగోడ ఉండదు. ఇలాంటివి చూస్తే సోషల్ వర్కర్ "వీళ్లకు బిడ్డ వద్దు" అని రాసుకుని వెళ్లిపోరు, సరిచేయమంటారు. సంపుకు మూత వేయించడానికి, మందు డబ్బాలు గదిలో పెట్టి తాళం వేయడానికి పెద్ద ఖర్చు కాదు. వాళ్లు రాకముందే మీరే ఇల్లంతా ఒకసారి నేలమీద కూర్చుని, రెండేళ్ల బిడ్డ ఎత్తులో చూడండి.

గోడలకు కొత్త సున్నం వేయించడం, పక్కింటి సోఫా తెచ్చి పెట్టడం మాత్రం మానుకోండి. ఇల్లు చూడడానికి పట్టే సమయం కొంతే. ఎక్కువ సమయం మాటల్లోనే గడుస్తుంది. దత్తత ఎందుకు కావాలి? పిల్లల కోసం ఎన్నేళ్లు వైద్యం చేయించుకున్నారు, ఆ బాధ నుంచి తేరుకున్నారా? దంపతుల్లో ఇద్దరికీ సమానంగా ఇష్టమేనా, లేక ఒకరి బలవంతమా? ఇద్దరూ పనికి పోతే పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? కోపం వస్తే ఇంట్లో ఎలా ఉంటుంది? మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎలా పెంచారు? రేపు మీకేమైనా అయితే బిడ్డను చూసేదెవరు? మాటలు ఒక్కోసారి దంపతులతో కలిపీ, ఒక్కోసారి విడివిడిగానూ సాగుతాయి. భర్త చెప్పేదే భార్య అప్పగించాల్సిన పనిలేదు. "నాకు కొంచెం భయంగా ఉందమ్మా, చేతకాదేమో అనిపిస్తుంది" అన్న తల్లిని ఎవరూ తోసేయరు. కంఠతా పట్టినట్టు ఒకే పాట పాడితేనే వాళ్లు ఇంకా లోతుగా అడుగుతారు.

సొంత ఇల్లు లేదు. ఆదాయం తక్కువ. ఇస్తారా?

ఇస్తారు. సొంత ఇల్లుండాలని చట్టంలో ఎక్కడా లేదు. నెలకు ఇంత సంపాదించాలని అంకె కూడా లేదు. ఉన్న మాట ఒక్కటే: శారీరకంగా, మానసికంగా, ఆర్థికంగా బిడ్డను పెంచగలిగే స్థితిలో ఉండాలి, ప్రాణాంతకమైన జబ్బు ఉండకూడదు, నేరం రుజువై శిక్ష పడి ఉండకూడదు, పిల్లల హక్కులకు సంబంధించిన కేసులో నిందితులై ఉండకూడదు. బిడ్డకు వేరే గది ఉండాలని కూడా ఎవరూ అడగరు. మన ఇళ్లలో పిల్లలు తల్లి పక్కనే పడుకుంటారని వచ్చేవాళ్లకూ తెలుసు. నెలవారీ రాబడి సరిపోతుందా, అప్పులు మునిగిపోయేంత ఉన్నాయా అన్నది చూస్తారు. అప్పుంటే ఉందని చెప్పండి. పొలం మీద బ్యాంకు లోను లేని రైతు మన జిల్లాలో ఎక్కడున్నారు?

స్టడీ అయ్యాక ఇల్లు మారితే ఆ సంగతి వెంటనే పోర్టల్‌లో, స్టడీ చేసినవాళ్లకూ తెలియజేయాలి. చూసిన ఇల్లొకటి, బిడ్డ వచ్చే ఇల్లొకటి అయితే నివేదికకు విలువ లేదు.

మా అత్తగారికి ఇష్టం లేదు. ఆ సంగతి చెప్పొచ్చా?

చెప్పాలి. నివేదికలో తాతలు, అవ్వలు, దగ్గరి బంధువులు ఏమనుకుంటున్నారో రాసే అంశం ఉంది. ఉమ్మడి కుటుంబంలో పగలంతా బిడ్డ ఉండేది అవ్వ దగ్గరే. ఆమె మనసులో "ఎవరి బిడ్డో" అన్న మాట మిగిలిపోతే ఆ మాట ఏదో ఒక రోజు బిడ్డ చెవిన పడుతుంది.

చట్టం అడిగేది దంపతులిద్దరి సమ్మతినే. అత్తమామల సంతకం అక్కర్లేదు. కానీ పెద్దవాళ్లతో సోషల్ వర్కర్ మాట్లాడితే చాలాసార్లు మేలే జరుగుతుంది. కొడుకు కోడలు చెబితే వినని పెద్దావిడ, బయటి మనిషి కూర్చుని ఓపిగ్గా వివరిస్తే మెత్తబడవచ్చు. మీకు ఇప్పటికే పిల్లలుంటే వాళ్లనూ అడుగుతారు. అయిదేళ్లు దాటిన పిల్లల అభిప్రాయం తీసుకుంటారు.

మా కులం బిడ్డే కావాలని అడగవచ్చా?

అడగకూడదు. పోర్టల్‌లో బిడ్డ వయసు, ఆడా మగా, ఏ రాష్ట్రం అన్నవాటి మీద మీ ఇష్టం చెప్పుకోవచ్చు. కులం ఎంచుకునే గడి అందులో లేదు, ఉండకూడదు కూడా. ఊయలలో దొరికిన పసిబిడ్డకు కులం ఏముంటుంది? మీ ఇంటికి వచ్చిన రోజు నుంచి మీ ఇంటిపేరే తనది. ఇంటికి వచ్చిన సోషల్ వర్కర్‌ను "ఏ జాతి బిడ్డో కాస్త చూసి చెప్పండి" అని పక్కకు పిలిచి అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న అడిగినవాళ్ల ఇంట్లో ఆ బిడ్డ ఎలా పెరుగుతుందన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. రంగు గురించి, జాతకం గురించి అడిగినా అంతే. ఆ సందేహాలు మీలో ఉంటే దరఖాస్తుకు ముందే మీలో మీరు తేల్చుకోండి. బిడ్డ వచ్చాక తేల్చుకునేవి కావు ఇవి.

దత్తత అని బిడ్డకు చెప్పాలా? చెప్పకపోతే స్టడీలో తప్పుపడతారా?

నా లెక్కలో హోమ్ స్టడీ మొత్తంలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. చెప్పకుండా పెంచుకుంటామనీ, తెలిస్తే ప్రేమ తగ్గిపోతుందేమోననీ అనేవాళ్లు చాలామంది. కొందరు ఊరు మారిపోతారు, కొందరు గర్భం వచ్చినట్టు కనబడతారు. సోషల్ వర్కర్ దీని మీద ఎందుకంత పట్టుబడతారంటే, దాచిన నిజం దాగదు గనుక. కావేరిపట్టణంలాంటి చిన్న ఊళ్లో ఎవరింట్లో ఏ నెలలో ఎవరు నీళ్లు పోసుకున్నారో వీధి మొత్తానికి తెలుసు. పెళ్లి పందిట్లో పెద్దత్త నోరు జారుతుంది, ఆస్తి పంపకాల్లో పాలివాళ్లు అంటారు, బడిలో తోటి పిల్లలు అంటారు. పదహారేళ్ల పిల్ల ఆ మాట పగవాడి నోట వినడం కంటే, మూడేళ్లప్పుడే తల్లి ఒళ్లో కూర్చుని కథలా వినడం ఎన్నో రెట్లు మేలు.

"నువ్వు నా కడుపులో కాదు, వేరే అమ్మ కడుపులో పుట్టావు, మేం వచ్చి నిన్ను తెచ్చుకున్నాం" అన్నంత సాదాగా చిన్నప్పుడే మొదలుపెట్టమని చెబుతారు. బిడ్డ పెద్దయ్యేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి, జవాబులూ పెరగాలి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాల వివరాలు కోరే హక్కు ఆ బిడ్డకు నిబంధనల్లోనే ఉంది. అంతకు ముందైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి అడగవచ్చు. కన్నతల్లి వివరాల గోప్యతను కాపాడుతూనే ఇది జరుగుతుంది. కాబట్టి "ఎప్పటికీ చెప్పం" అన్న జవాబు చట్టం ముందు కూడా నిలవదు. స్టడీలో ఆ మాట అన్నంత మాత్రాన మిమ్మల్ని కాదనరు. కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు. వినండి.

ఒంటరి మహిళను. నాకు ఇస్తారా? ఎన్నేళ్ల లోపు ఉండాలి?

ఒంటరి మహిళ ఆడబిడ్డనైనా మగబిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడబిడ్డను ఇవ్వరు. మీరు లేని పరిస్థితి వస్తే బిడ్డను చూసుకుంటామని దగ్గరి బంధువు ఒకరు రాసిచ్చే హామీ అడుగుతారు. పెళ్లైన దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన దాంపత్యం ఉండాలి.

ఉద్యోగం చేసే ఒంటరి తల్లి బిడ్డను సరిగ్గా చూసుకోలేదన్న వాదన ఒక కోర్టులో గెలిచింది, పై కోర్టులో ఓడింది. మహారాష్ట్రలోని భుసావళ్ కోర్టు, విడాకులు తీసుకుని ఉద్యోగం చేసుకుంటున్న ఒక మహిళకు ఆ కారణంతోనే దత్తత నిరాకరిస్తే, 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

వయసు సంగతి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు, ఒంటరివారికి 40. రెండు దాటి నాలుగేళ్ల వరకు 90, 45. నాలుగు దాటి ఎనిమిదేళ్ల వరకు 100, 50. ఆపైన పద్దెనిమిది వరకు 110, 55. బిడ్డకూ మీకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఇప్పటికే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, సులువుగా ఇల్లు దొరకని పిల్లలను మాత్రమే ఇస్తారు. బంధువుల బిడ్డకు, సవతి బిడ్డకు ఈ పరిమితి లేదు.

మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. వచ్చేవాళ్లు తమిళం. ఇబ్బందా?

హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లలో తమిళం రానివాళ్లు తక్కువే. అయినా మనసులో మాట చెప్పుకునేటప్పుడు ఇంటి భాషే నోటికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు తమిళం సరిగా రాకపోతే ముందే చెప్పండి, అర్థమయ్యే మనిషిని తీసుకురమ్మనండి. నివేదికలో మీరు అనని మాట రాకుండా ఉండాలంటే అడిగింది పూర్తిగా అర్థమయ్యాకే జవాబివ్వండి.

అంతకంటే పెద్ద విషయం బిడ్డ భాష. ఆరేడేళ్ల బిడ్డను కోరితే ఆ బిడ్డ సేలం నుంచో మదురై నుంచో తమిళంతో వస్తుంది. మొదటి నెలల్లో ఆకలి, నొప్పి, భయం అన్నీ ఆ భాషలోనే చెప్పుకుంటుంది. ఇక్కడ రెండు భాషల ఇళ్లకు నిజంగా ఒక మేలుంది, దాన్ని స్టడీలో గట్టిగా చెప్పుకోండి. తెలుగు దానంతటదే వస్తుంది.

మా తమ్ముడి బిడ్డను పెంచుకుంటున్నాం. హోమ్ స్టడీ కావాలా?

హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద సొంత కుటుంబంలో దత్తత చేసుకోవచ్చు. ఆ దారిలో ఈ హోమ్ స్టడీ లేదు. కానీ షరతులున్నాయి. బిడ్డ పెళ్లి కానిదై ఉండాలి, ఆచారం వేరుగా ఉంటే తప్ప పదిహేనేళ్లు నిండి ఉండకూడదు. కొడుకును తీసుకోవాలంటే మీకు బతికున్న కొడుకు, మనవడు, మునిమనవడు ఉండకూడదు. కూతురిని తీసుకోవాలంటే కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉండకూడదు. తండ్రి ఆడబిడ్డను, తల్లి మగబిడ్డను తీసుకుంటే 21 ఏళ్ల తేడా ఉండాలి. కన్నవాళ్లిద్దరూ ఒప్పుకుని, బిడ్డను నిజంగా చేతుల్లో పెట్టి ఇవ్వాలి. దత్త హోమం చేయకపోతే దత్తత చెల్లదన్నది అపోహ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రిజిస్టర్ చేయించుకుంటే రేపు బడిలో, బ్యాంకులో, ఆస్తి విషయంలో అదే ఆధారం. దీని కోసం డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం.

ముస్లింలు, క్రైస్తవులు జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు. ముస్లిం తల్లిదండ్రులకు కూడా ఈ చట్టం తలుపు తెరిచే ఉందని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎంత ఖర్చవుతుంది?

హోమ్ స్టడీకి 6,000 రూపాయలు. బిడ్డను తీసుకునేటప్పుడు సంస్థకు సంరక్షణ నిధి కింద 50,000, ఆ తర్వాత పరామర్శకు వచ్చిన ఒక్కోసారికి 2,000. చెల్లింపు బ్యాంకు ద్వారా, రసీదుతో జరగాలి. ఇంతకు మించి విరాళం, సంస్థకు సాయం, పెట్రోలు ఖర్చు అని ఏ పేరుతో అడిగినా ఇవ్వకండి. అడిగితే రాష్ట్ర దత్తత విభాగానికీ కారాకూ ఫిర్యాదు చేయండి. ఇంటికి వచ్చిన మనిషికి కాఫీ ఇవ్వడం మర్యాద, కవరు ఇవ్వడం తప్పు.

నివేదిక బాగా వచ్చింది. బిడ్డ ఎప్పుడొస్తుంది?

నిరీక్షణ దీర్ఘంగానే ఉంటుంది. 2024-25లో దేశం మొత్తం మీద కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. ఎదురుచూసే కుటుంబాలు దానికి ఎన్నో రెట్లు. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసమే అందరూ చూస్తారు కాబట్టి అక్కడ వరుస ఏళ్లలో సాగుతుంది. హోమ్ స్టడీ నివేదిక మూడేళ్లే చెల్లుతుంది. అంటే బిడ్డ కబురు రాకముందే గడువు తీరిపోవచ్చు. గడువుకు ముందే కాగితాలు కొత్తవి పెట్టి పొడిగించుకోండి. కాస్త పెద్ద పిల్లలను, ఆరోగ్య సమస్యలున్న పిల్లలను స్వీకరించగలిగినవాళ్లకు ఇంత నిరీక్షణ ఉండదు. జాలితో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి. పెద్ద బిడ్డను తెచ్చుకుని, పడలేక తిరిగి అప్పగించిన ఉదంతాలున్నాయి, ఆ గాయం బిడ్డకే.

మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, ఆరోగ్య నివేదిక పోర్టల్‌లో కనబడతాయి. 48 గంటల్లో సరేనని చెప్పాలి. తర్వాత సంస్థకు పోయి బిడ్డను చూసి, మీకు నమ్మకమున్న డాక్టరు చేత కూడా చూపించుకోవచ్చు. ఒప్పుకున్నాక ముందుగా సంరక్షణకు ఇస్తారు, ఆపై దత్తత ఆదేశం. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ ఆదేశం ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. రెండు నెలల్లో తేల్చాలని చట్టం. ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆరునెలలకోసారి సోషల్ వర్కర్ మళ్లీ వస్తారు. ఈసారి చూడడానికి వచ్చేది ఇంటిని కాదు, బిడ్డను.

మేం తగమని రాస్తే?

కారణం మీకు తెలియజేయాలి. ఊరికే కాదనడానికి వీల్లేదు. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. చాలా కారణాలు సరిదిద్దుకోగలిగేవే. దంపతుల మధ్య గొడవలు, తాగుడు, ఒకరికి ఇష్టం లేకపోవడం లాంటివి రాసి ఉంటే మాత్రం దాన్ని అవమానంగా తీసుకోకుండా, ముందు ఇంటిని చక్కదిద్దుకోండి.

ఆస్పత్రిలో ఒకామె నేరుగా బిడ్డను ఇప్పిస్తానంటోంది. బర్త్ సర్టిఫికెట్ కూడా మా పేరు మీదే అట. తప్పా?

నేరం. 2019లో నామక్కల్ జిల్లా రాశిపురంలో ఒక మాజీ నర్సు బిడ్డల ధరలు చెబుతున్న ఆడియో బయటికి వచ్చి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో సరోగసీ ద్వారా పుట్టిందని నమ్మించి ఇచ్చిన బిడ్డ డీఎన్ఏ ఆ దంపతులతో కలవలేదు, అరెస్టులు జరిగాయి. నిబంధనలు పాటించకుండా దత్తత ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు కఠిన శిక్ష. ఆస్పత్రి మనిషైతే మూడు నుంచి ఏడేళ్లు. బిడ్డను ఇచ్చే హక్కు నర్సుకూ లేదు, ఆయాకూ లేదు, బ్రోకరుకూ లేదు. తల్లి నిజంగా పెంచలేని స్థితిలో ఉంటే బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు చట్టం రెండు నెలల గడువు ఇస్తుంది. ఆ రెండు నెలలను ఆ తల్లికి లేకుండా చేసేదే ఈ దొడ్డిదారి.

మా పొలం గట్టున పసిబిడ్డ దొరికితే మేమే ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. ఎంత ప్రేమ పుట్టినా సరే. ముందు బిడ్డకు వెచ్చదనం, వైద్యం అందేలా చూడండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పోలీసులకో, బాలల సంరక్షణ విభాగానికో 24 గంటల్లో తెలియజేయకపోతే అదే ఒక నేరమవుతుంది. సమితి ఆ బిడ్డ కన్నవాళ్ల కోసం వెతికిస్తుంది; రెండేళ్లలోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, పెద్దదైతే నాలుగు నెలల్లో దత్తతకు అర్హమో కాదో ప్రకటిస్తుంది. మీకు దొరికింది కాబట్టి మీకే ఇస్తారన్న నియమం లేదు. అయితే ఆ బిడ్డను చూశాక పెంచుకోవాలన్న కోరిక మీలో నిలిచిపోతే, ఆ వారమే కేరింగ్స్‌లో నమోదు చేసుకోండి. ఆ బిడ్డ కాకపోయినా మరో బిడ్డ వరుసలో మీరు ఉంటారు.